పంట వాడిది, మోడు నాది

నాది అని చెప్పాలట. ఒక్క మాటేనట. నాది అని చెప్పుకోవడానికి ఈ అరబ్బు దేశంలో నాకేముందని, నాలుగు జతల బట్టలు, జపం చేసుకునే ఒక తస్బీ దండ, మా కూతురు హఫ్సా పెళ్లిలో తీసిన ఫొటో, ఇంతే కదా, ఇన్నేళ్లకు నాకూ ఒక ఆస్తి రాసిస్తామంటున్నారు, అదీ గంజాయి మొక్క. వంటింట్లో పెట్టి బయట గడియ వేశారు. ఫోన్ లాక్కున్నారు. సాయంత్రం అసర్ నమాజు అయిపోయింది, పొద్దు గూకి మగ్రిబ్ నమాజు అయ్యేలోపల పక్కింటి అబూ సాలెహ్ వస్తాడు, ఈ ఇంటాయనకు స్వయానా అన్న, సరిహద్దు దగ్గర సర్కారు ఉద్యోగం చేసి దిగినవాడు, ఆ ఆకును వాసనతోనే పట్టేసే మనిషి, ఆయన ఎవరిది అని అడుగుతాడు, నేను తల వంచుకుని నాది అనాలి. ఆ ఆకు పేరెత్తితేనే జైలుకు పోయే దేశంలో అనాలి. ఇక్కడ ఇంటాయనను బాబా అని పిలవాలి, ఇంటావిడను మామా అని పిలవాలి, పిలిచాను, పిలిచినన్నాళ్లు పిలిచాను. ఇందాక మామా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఈ చేతి మీద మరిగే నూనె పడినప్పుడు పట్టుకోలేదు, గంట సేపు కుళాయి కింద పెట్టుకుని నేనే ఊదుకున్నాను, ఇవాళ పట్టుకుంది. నువ్వు నా కూతురులాంటిదానివి జబీ, నీదని ఒక్క మాట చెప్పు, టికెట్ తీసి మీ ఊరికి పంపిస్తాం అంది. నేను ఆమె కంటే పెద్దదాన్ని. రేపో మాపో అమ్మమ్మను కాబోతున్నదాన్ని. నేను ఆమెకు కూతురునెట్లా అవుతాను?

పైగా గహ్వా కాయమన్నారు. గడియ వేసేసి, గడియ అవతలినుంచి చెప్పింది, జబీ, యాలకులు ఎక్కువ వెయ్యి, అబూ సాలెహ్‌కు అట్లా ఇష్టం అని. ఎంత పద్ధతైన మనుషులు! నన్ను జైలుకు పంపబోయే మనిషికి కాఫీ నేనే కాచాలి, యాలకులు నేనే దంచాలి, తీపి తగ్గకుండా ఖర్జూరాలు నేనే ఏరి పళ్లెంలో పేర్చాలి. పేరుస్తున్నాను కూడా. అదే నాకు ఒళ్లు మండుతోంది. ఇంత జరిగాక కూడా చేతులు వాటంతట అవే పళ్లెం తీస్తున్నాయి, నలిగిన కాయ పక్కన పెడుతున్నాయి, పేర్చింది వంకరగా ఉంటే సరిచేస్తున్నాయి. చేతులకు సిగ్గు లేదు. ఈ ఖర్జూరాలు వీళ్ల తోటవే. ఈ హుఫూఫ్ ఊళ్లో ఖర్జూరం తోట లేని పెద్దింటివాళ్లు ఉండరు, వీళ్లకూ ఉంది, ఊరి చివర, ఎంత దూరం నడిచినా చెట్లే, కాలువల్లో నీళ్లు, కింద గడ్డి, ఒకసారి పిక్నిక్‌కు తీసుకెళ్లారు నన్ను, అంటే మాంసం కాల్చడానికి తీసుకెళ్లారు. ఆ చెట్లకు నీళ్లు పెట్టేది బంగ్లాదేశ్ వాళ్లు, ఎక్కి గెలలు కోసేది బంగ్లాదేశ్ వాళ్లు. ఈ ఇంటి ఒక్కగానొక్క కొడుకు నవాఫ్ ఆ తోటలో ఒక్క చెట్టు మొదట్లో ఒక్క చెంబు నీళ్లు పోసి ఎరగడు. తాతల నాటి తోటను వదిలేసి బట్టల బీరువాలో వ్యవసాయం మొదలుపెట్టాడు.

చదువుకని బయటి దేశం పోయి, చదువు సగంలో వదిలి తిరిగొచ్చాడు. వచ్చాక ఇక్కడే కాలేజీ. ఒకరోజు గది ఊడ్వడానికి పోతే బీరువాలో బట్టలు సగం లేవు, లోపలంతా వెండిరంగు కాగితం అంటించి ఉంది, పైన లైటు, మూలన చిన్న ఫ్యాను, మధ్యలో కుండీ. కుండీలో ఇంత మట్టి, మట్టిలో రెండాకుల మొలక. కాలేజీ ప్రాజెక్టు జబీ, మందు మొక్క, ఎవరికీ చెప్పకు, చెబితే మార్కులు పోతాయి అన్నాడు. నేను నమ్మాను. ఎందుకు నమ్మకూడదు? రాయచోటిలో మా హఫ్సా బళ్లో చదివేటప్పుడు అట్లాగే సీసాలో మెంతులు మొలకెత్తించి తీసుకుపోయేది. నాలుగు రోజులకు ఆకులు విచ్చుకుంటే వేళ్లు చాచిన అరచేయిలా ఉన్నాయి, అరె, గోంగూర అనుకున్నాను. గోంగూర కనబడితే మా వైపు ఆడవాళ్లు చూసి ఊరుకోరు, తుంచి నోట్లో వేసుకుని పులుపు చూస్తారు, సంతలో అమ్మేవాడి ముందే చూస్తారు. నేనూ ఒక ఆకు తుంచి కొరికాను. పులుపు లేదు. చేదు, పైగా చెమట పట్టిన ఉన్నిబట్ట వాసన. ఉమ్మేశాను. మందు మొక్క అన్నాడు కదా, మందు చేదే కదా అని సర్దుకున్నాను. మా ఇంట్లో పుట్టిన ఏ గొర్రెకైనా నాకంటే అనుమానం ఎక్కువ.

దాని పేరు ఆటో అన్నాడు నవాఫ్. నేను మా బస్టాండు ఆటోలను తలుచుకుని నవ్వాను, వాడూ నవ్వాడు, ఆ రోజు మంచివాడిలాగే ఉన్నాడు. ఈ జాతిలో మిగతా మొక్కలు పగలు తగ్గేదాకా పూతకు రావట, ఇది అట్లా కాదట, వయసు రాగానే దానంతటదే పూస్తుందట, ఎండాకాలమా చలికాలమా అని అడగదట. చాలా గొప్పగా చెప్పాడు. నాకు మాత్రం దాని మీద జాలి వేసింది. మా చేలో వేరుశనగ వాన కోసం ఎదురుచూసేది, చింతచెట్టు దాని నెల కోసం ఎదురుచూసేది, దానికి ఒక ఆకాశం ఉండేది, దీనికి బీరువా తలుపు ఉంది. తలుపు మూస్తే పగలు, తలుపు తీస్తే చీకటి. పడుకోమన్నప్పుడు పడుకుని, లెమ్మన్నప్పుడు లేచి, పూయమన్నప్పుడు పూయాలి. నాలాంటిదే ఇంకొకటి ఈ ఇంట్లో చేరింది అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను, తుడుస్తూ తుడుస్తూ దానితో రెండు మాటలు తెలుగులో మాట్లాడాను కూడా. ఇక్కడ నాతో తెలుగులో మాట్లాడేది మా ఆయన మస్తాన్ వలీ ఒక్కడే, ఈ ఇంటి డ్రైవరు, ఆయనకు గేటు పక్కన డ్రైవర్ల గది, నాకు పెరట్లో గ్యాసు బండల పక్కన గది, మొగుడూ పెళ్లాం ఒకే ఇంట్లో పని చేస్తూ కిటికీ ఊచల మధ్యనుంచి మాట్లాడుకుంటాం. మొక్కతో మాట్లాడటం అంతకంటే నయం. అది ఎదిగింది, మోకాలెత్తు ఎదిగింది, కొమ్మల సందుల్లో తెల్లటి వెంట్రుకల్లాంటి పూత పట్టింది, రోజురోజుకూ గుత్తులు బరువెక్కాయి. అంత తొందరగా అంత నిండుగా పూసిన మొక్కను నేను చూడలేదు. దిష్టి తగులుతుందని భయం వేసింది. ఊరినుంచి తెచ్చుకున్న దర్గా దారం ఉంటే ఇంత తెంపి కాండానికి కట్టాను. మా వైపు కాపు బాగా వచ్చిన ఏ మొక్కకైనా కడతాం, గేదెకు కడతాం, పసిపిల్లకు కడతాం, ఇందులో తప్పేముంది? ఆ నల్లదారాన్నే ఇవాళ మామా రెండు వేళ్లతో పట్టుకుని, పాము పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, నా మొహం ముందు ఆడించింది. ఇది నీదేగా, నీదే అయితే మొక్కా నీదే, పైగా ఇది చేతబడి దారం, అది కూడా చెప్పమంటావా పెద్దాయనకు అంది. ఏడుస్తూనే అంది. ఏడుపూ బెదిరింపూ రెండూ ఒకే నోట్లోంచి అంత చక్కగా వస్తాయని నాకు తెలియదు.

ఇదంతా ఎండ వల్ల వచ్చింది. సెలవులని నవాఫ్ స్నేహితులతో బహ్రెయిన్ పోయాడు. పోతూ పోతూ నీళ్లు పొయ్యి జబీ, బీరువాలోంచి బయటకు మాత్రం తియ్యకు అన్నాడు. ఎండ ముఖం చూడని మొక్క ఎక్కడైనా ఉంటుందా? బాలింతను కూడా పొద్దుటి ఎండలో కూర్చోబెడతాం. వాడికేం తెలుసు, ఖర్జూరం చెట్టుకు నీళ్లు పోయని వాడికి! రోజూ పొద్దున కుండీని చంకన పెట్టుకుని మెట్లెక్కి మేడ మీద పెట్టాను, ఎండ ముదిరేలోపల మళ్లీ దించి బీరువాలో పెట్టాను. మెట్ల మీద కెమెరా ఉంది, నేను మొక్కను పసిబిడ్డలా ఎత్తుకుపోవడం అంతా అందులో పడింది, బాబా దాన్ని కూడా దాచిపెట్టుకున్నాడట నాకు చూపించడానికి. నిన్న పొద్దున అబూ సాలెహ్ తన మేడ మీదికి పావురాలకు గింజలు వెయ్యడానికి వచ్చాడు. పిట్టగోడకు అటు ఆయన, ఇటు నేను. సలాం చెప్పాడు. నేనేం చేశాను? మొక్కను రెండు చేతులతో ఎత్తి, జైన్ బాబా, జైన్, బాగుంది, చూడండి ఎంత బాగా పూసిందో అని చూపించాను. నా బిడ్డను చూపించినట్టు చూపించాను! ఆయన గింజల డబ్బా చేతిలో అట్లాగే ఉండిపోయింది. పావురాలు ఆయన కాళ్ల చుట్టూ తిరుగుతున్నాయి, ఆయన నన్ను చూడటం లేదు, మొక్కనే చూస్తున్నాడు. అది గంజాయి అని ఇవాళ వీళ్లు చెబితేనే నాకు తెలిసింది, దొంగతనంగా పెంచుకునేదాన్నయితే ఎత్తి చూపిస్తానా అని మామాను అడిగాను. ఆ మాటకు మళ్లీ ఏడ్చింది.

పైన ఏదో ఈడుస్తున్నారు. పొద్దుటినుంచీ మేడ మీద గదిలో చప్పుళ్లే, మేకులు పీకుతున్నట్టు, టేపు చింపుతున్నట్టు. పెద్దాయన బాబాతో ఏమన్నాడో గానీ, నిన్న రాత్రే నవాఫ్ పరుగున తిరిగొచ్చాడు. పొద్దున నేను కాఫీ పైకి తీసుకుపోయినప్పుడు చూశాను, మొక్క తల లేదు, కొమ్మలు లేవు, పూగుత్తులన్నీ కోసేశాడు, వాడి తెల్లటి పొడుగు చొక్కాలు, ఆ తోబులు వేలాడే హ్యాంగర్ల మీద తలకిందులుగా కట్టి, ఎదురుగా హెయిర్ డ్రయర్ పెట్టుకుని కూర్చున్నాడు. ఇల్లంతా అగరుబత్తీలు వెలిగించారు ఆ వాసనకు. తప్పు దొరికింది కదా, పారెయ్యాలి కదా, తగలబెట్టాలి కదా? ఊహూఁ. మధ్యాహ్నం ఆ గుత్తులు సంచిలో కట్టి వాడి కారులోకి పోయాయి, నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ కళ్లారా చూశాను. పూలు మాత్రం వాడికి కావాలి. మిగిలిన ఆ మోడుకు ఒక తల్లి కావాలి, అందుకు నేనున్నాను. పంట వాడిది, మోడు నాది. కౌలుకు చేసిన చేలో కూడా ఇంత అన్యాయం చూడలేదు, అక్కడ సగమన్నా ఇచ్చేవాళ్లు.

ఎవరో పెరటి మెట్లు దిగుతున్నారు. ఈ నడక నాకు తెలుసు, ఎడమ చెప్పు ఈడ్చే నడక, పాతికేళ్లుగా వింటున్న నడక. కిటికీ దగ్గరికి పోయాను. మస్తాన్ వలీ. చేతుల్లో ఆ లైటు, భుజాన చుట్టిన వెండి కాగితం, చంకలో కుండీ. నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏందయ్యా అది?"

"ఏం లేదులే."

"ఏంది అంటాండా. యాడికి తీసకపోతాండావు?"

ఆయన నా గది వైపు చూశాడు. చూసి, కళ్లు దించుకున్నాడు.

"పెట్టమన్యారు మే. నేనేం జేయాల? ఒప్పుకోకుంటే ఇద్దర్నీ పట్టిస్తామంటాండారు. నా మాట ఇను జబీ. పెద్దాయన అడిగితే నాదే అనేయ్. రేపే ఇంటికి పోనీకి ఎగ్జిట్ వీసా కొట్టిస్తానన్యాడు బాబా. హఫ్సా పురుడు దగ్గరికొచ్చింది గదా."

"బాబా మాట నువ్వు నమ్మినావా?"

కుండీ జారుతుంటే మోకాలితో పైకి ఎగదోసుకుని నా గదిలోకి పోయాడు. నా చాప పక్కన, నా తస్బీ వేలాడే మేకు కింద, నా మొగుడు తన చేతులతో ఆ మోడును పెట్టి వచ్చాడు. వాళ్లు చేశారంటే వాళ్ల రక్తం కోసం చేశారు, కొడుకు కోసం చేశారు, పరాయివాళ్లు, సరే. ఈయన ఎవరి రక్తం కోసం చేశాడు? భయం కోసం చేశాడు. నాకు భయం లేదా? జైలు అంటే ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, అక్కడ ఎవరితో ఏ భాషలో మాట్లాడతారో తెలియదు, హఫ్సా నొప్పులు పడుతూ అమ్మా అంటే ఫోన్ ఎత్తేవాళ్లు ఎవరుంటారో తెలియదు. పురుడు పేరు చెప్పి నన్ను లొంగదీయాలని ఈయనకు ఎంత తొందరగా తోచింది! కావాల్సిందీ నాకు అదే కదా, ఇంటికి పోవడమే కదా, చెబితే ఏం పోయింది అని ఒక్క క్షణం, అల్లా మీద ఆన, ఒక్క క్షణం అనిపించింది. కానీ ఒకసారి నా నోటినుంచి వచ్చిన మాట వాళ్ల చేతికి పోతుంది. రేపు విమానం ఎక్కిస్తారో, పోలీసు బండి ఎక్కిస్తారో వాళ్ల ఇష్టం. అయినా వాడి తప్పు మోసుకుని పోయి ఆ చేతులతోనే మనవడినో మనవరాలినో ఎత్తుకోవాలా నేను? పెద్దాయనకు నిజం తెలిస్తే చాలు. సర్కారు ఉద్యోగం చేసినవాడు, నమాజు తప్పనివాడు, న్యాయం తెలిసినవాడు. ఆయనకు నిజం తెలియదు, అంతే, అందుకే ఈ గోలంతా. చెబుతాను.

గడియ తీశారు. గహ్వా పట్టుకుని మగవాళ్లు కూర్చునే మజ్లిస్‌ గదిలోకి పోయాను. అబూ సాలెహ్ మధ్యలో, పక్కన బాబా, మూలన నవాఫ్, స్నానం చేసి అత్తరు పూసుకుని పెళ్లికొడుకులా ఉన్నాడు. పెళ్లికొడుకే మరి, అబూ సాలెహ్ కూతురితోనే వీడికి మాట ఖాయమైంది, అన్నదమ్ముల పిల్లలకు పెళ్లి చెయ్యడం ఇక్కడ మామూలే. తలుపు పక్కన మస్తాన్ వలీ, నా మాటలు అరబ్బీలో చెప్పడానికి. ఖర్జూరాల పళ్లేనికి ఆనించి అబూ సాలెహ్ ఫోన్ నిలబెట్టి ఉంది, వీడియో నడుస్తోంది. గహ్వా ఒక గుక్క తాగి, ఆ మొక్క ఎవరిది అని అడిగాడు.

"ఎవరిదని అడుగుతాండాడు," అన్నాడు మా ఆయన.

"నవాఫ్‌ది. బీరువా వానిది, లైటు వానిది, పూలు వాని కార్లో ఉండాయి. నేను నీళ్లు పోసినా, ఎండలో పెట్టినా. ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నాను.

మా ఆయన గొంతు సవరించుకుని అరబ్బీలో చెప్పాడు. నాదేనన్నాడు. తెలియక చేశానన్నాడు. కాళ్లు పట్టుకుంటున్నానన్నాడు. ఇన్నేళ్లు వంటింట్లో వాళ్ల మాటలు వింటూ, తిట్లు వింటూ, పెళ్లిళ్లు, పేచీలు, బేరాలు అన్నీ వింటూ బతికిన మనిషికి అరబ్బీ రాదనుకున్నాడు, ఊఁ కొట్టడం తప్ప నన్నెప్పుడూ ఎవరూ ఇంకేం మాట్లాడమనలేదు కాబట్టి రాదనుకున్నాడు. లా, కాదు, అన్నాను. గదిలో అందరూ తలెత్తారు. లా, ఈయన అబద్ధం చెబుతున్నాడు, ఇది నవాఫ్ మొక్క, అని నాకు వచ్చిన వంటింటి అరబ్బీలో, ఆడా మగా మాటలు కలిపేస్తూ, ఫోన్ వైపు తిరిగి మొదటినుంచీ చివరిదాకా చెప్పాను. మొలక దగ్గరనుంచి హ్యాంగర్ల దాకా చెప్పాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

అబూ సాలెహ్ చెయ్యి చాచి వీడియో ఆపాడు. చెరిపేశాడు. తర్వాత చాలా మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "నీది కాదని నాకు తెలుసు. నీదే అయితే నిన్న నాకు ఎత్తి చూపించేదానివి కాదు. అయినా నీదని చెప్పు. నా కూతుర్ని ఈ ఇంటికి ఇస్తున్నాను, రేపు నా కొడుకులు అడిగితే చూపించడానికి నాకొక మనిషి కావాలి. చెప్పకపోతే ఇప్పుడే పోలీసులను పిలుస్తాను."

తెలుసు. ఆయనకు తెలుసు. పిట్టగోడ దగ్గరే తెలుసు, రాత్రి పడుకునేటప్పుడు తెలుసు, ఇక్కడికి వచ్చేటప్పుడు తెలుసు, నా చేతి కాఫీ తాగేటప్పుడు తెలుసు. నిజం తెలిస్తే చాలనుకుని గంట సేపు ఆ వంటింట్లో మాటలు కూడబలుక్కున్న నా వెర్రితనానికి నా మీద నాకే కోపం వచ్చింది, ఆ తర్వాత కోపం అటు తిరిగింది, అంత కోపం నాకు నా జన్మలో రాలేదు. ఈ గదిలో ఉన్న అందరికీ తెలుసు. తెలిసి, గోడ వెనకనుంచి వింటున్న మామా సహా అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారు? నేను అంటే తప్ప జరగదు కాబట్టి. పోలీసులు వస్తే నా గదే కాదు, పై గదీ చూస్తారు, కారూ చూస్తారు. నవాఫ్ పెదవులు ఎండిపోయి ఉన్నాయి, అప్పుడు చూశాను.

"చెప్పను," అన్నాను. పళ్లెం దగ్గరున్న ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాను. "పిలవండి. వాళ్లకూ ఇదే చెబుతాను."

మా ఆయన వెనకనుంచి "జబీ" అన్నాడు. నేను తిరగలేదు. రోజూ దులిపి సర్దే ఆ సోఫాలో, అబూ సాలెహ్‌కు ఎదురుగా కూర్చున్నాను. కూర్చుని, వాళ్లు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను అన్నాను.

ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు.